వీజళి కథలో విలనెవరు?

ఓడ మునిగే సినిమా అనగానే మీకు గుర్తొచ్చేది ఒక్కటే. అవునా, కాదా? ఓడ ముక్కు మీద చేతులు చాపి నుంచున్న ఆ జంట... 1997లో జేమ్స్ కామెరాన్ తీసిన 'టైటానిక్'. పదకొండు ఆస్కార్లు పట్టుకుపోయిన చిత్రం. మన దేశానికి 1998లో వచ్చింది.

గుడివాడలో ఆ బొమ్మ పడినప్పుడు నేను మూడో తరగతో, నాలుగో తరగతో. మా అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకుని హాలుకి వెళ్ళింది. నిజం చెప్పాలంటే నేనే ఏడ్చి మొత్తుకుని ఆవిడని లాక్కుపోయాననుకోండి! మాటలు ఇద్దరికీ అర్థం కాలేదు. బొమ్మ మాత్రం బాగా అర్థమయింది. ఓడ నిట్టనిలువుగా లేచి నీళ్ళలోకి జారిపోతుంటే హాలంతా ఈలలు. నా పక్క సీట్లో అమ్మమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో ఒక్కటే మాట అడిగింది.

"ఒరే అబ్బాయ్, ఆ చచ్చిపోయినవాళ్ళ పేర్లన్నీ ఎక్కడో ఒకచోట రాసి వుంటాయంటావా?"

"ఆఁ, వుంటాయి" అన్నాను, నాకేదో తెలిసినట్టు.

"అదృష్టవంతులు" అంది.

ఆ మాట ఎందుకన్నదో చాలా ఏళ్ళ తరవాతగానీ నాకు తెలియలేదు. అమ్మమ్మ పుట్టిల్లు దివిసీమ. నాగాయలంక పక్క. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ తమ్ముడు, మరదలు, వాళ్ళిద్దరు పిల్లలు పోయారు. తమ్ముడి శవం దొరకలేదు. ఆ సంగతి మాటల్లోకి వచ్చినప్పుడల్లా అమ్మమ్మ ఒకటే అంటుంది... "రాత నాయనా, రాత!"

ఆ 'రాత' అనే మాట గురించే ఈ వారం నా గోడు. కాస్త తిరిగి వస్తాను, ఓపిక పట్టండి.

మొన్నామధ్య టీ కొట్టు దగ్గర కుర్రకారు వాదన పెట్టుకున్నారు. "వాళ్ళకి టైటానిక్ వుంది, కథ వుంది, సినిమా తీశారు. మనకేముంది?" అని ఒకడు. నేను ఊరుకోలేక "వుందిరా బాబూ!" అన్నాను. టైటానిక్ మునగడానికి ఇరవైనాలుగేళ్ళ ముందే మన దేశపు నీళ్ళలో మాయమైపోయిన ఓడ ఒకటుంది. దాని కథ ఇదీ.

మన తారలకి ఇంట్లో పెట్టిన పేరొకటి, వెండితెర పేరొకటి వుంటాయి కదా. శివశంకర వరప్రసాద్ చిరంజీవి అయ్యారు. లలితారాణి జయప్రద అయ్యారు. అలాగే ఈ ఓడకీ రెండు పేర్లు. కాగితాల మీద పేరు 'వైతర్ణ'. బొంబాయికి ఉత్తరాన పారే ఓ నది పేరది. వింటే మనకి మాత్రం చనిపోయినవాళ్ళు దాటాల్సిన వైతరణి గుర్తొచ్చి ఒళ్ళు జలదరిస్తుంది. జనం పెట్టుకున్న పేరు 'వీజళి'. గుజరాతీలో మెరుపు అన్నా అదే, కరెంటు అన్నా అదే. మన హిందీ పాటల్లో వినపడే 'బిజిలీ' దీని చుట్టమే. ఆ పేరెందుకంటే, ఓడ నిండా ఎలక్ట్రిక్ దీపాలు! 1880లలో సంగతి నేను చెబుతున్నది. ఊళ్ళో కిరసనాయిలు బుడ్డి పెట్టుకునేవాడికి, రాత్రిపూట నీళ్ళ మీద దీపాలతో తళతళలాడుతూ పోయే ఓడ ఎలా కనపడి వుంటుందో ఊహించుకోండి. మొదటిసారి తెర మీద రంగుల బొమ్మ చూసినవాడి కళ్ళూ అలాగే విప్పారి వుంటాయి.

స్కాట్లండులోని గ్రేంజ్‌మవుత్ అనే రేవులో ఈ ఓడని కట్టారు. 1885లో నీళ్ళలోకి దించారు. ఆవిరి ఇంజనుతో నడుస్తుంది. పైన రెండు తెరచాప కొయ్యలు కూడా వుండేవి. పొడవు 170 అడుగులు. టైటానిక్ పొడవు 880 అడుగుల పైమాటే. అంటే దాని ముందు ఇది అయిదో వంతు కూడా లేదు. మూడు అంతస్తులు, 25 గదులు. బొంబాయిలోని షెపర్డ్ కంపెనీ వారిది. కచ్‌లోని మాండవి రేవు నుంచి బొంబాయికి, బొంబాయి నుంచి మాండవికి... ఇదీ దాని డ్యూటీ. ముప్ఫై గంటల ప్రయాణం, ఎనిమిది రూపాయల టిక్కెట్టు. మూడేళ్ళపాటు వర్తకుల్నీ, పెళ్ళివాళ్ళనీ, సరుకునీ మోసుకుంటూ తిరిగింది.

ఇక చివరి ప్రయాణం.

1888 నవంబరు 8. గురువారం. కార్తీక శుద్ధ పంచమి. దీపావళి వెళ్ళిన అయిదో రోజు. గుజరాతీలకి మంచిరోజు, కొట్లు మళ్ళీ తెరిచే రోజు. మాండవిలో 520 మంది ఎక్కారు. ద్వారకలో ఇంకొందరు ఎక్కితే లెక్క 703కి చేరింది. ఇరవైఅయిదు గదుల్లో ఏడొందల మంది పడతారా? పట్టరు. అంటే ఎక్కువమంది డెక్కు మీద, ఆకాశం కిందే. మన నేల టిక్కెట్టు జనమన్నమాట! ఓడ నడిపే సిబ్బందితో కలిపితే మొత్తం 746.

తరవాత ఆగాల్సిన రేవు పోరుబందరు. సముద్రం అప్పటికే పొంగుతోంది. అక్కడ ఆగకుండానే ఓడ బొంబాయి వైపు సాగిపోయింది. మాంగ్రోల్ తీరం దగ్గర దాన్ని చూసినవాళ్ళున్నారు. ఆ రాత్రి తుపానులో మాధవ్‌పూర్ దగ్గర చిక్కుకున్నట్టు చూశామన్నవాళ్ళూ వున్నారు. తెల్లారింది. ఓడ లేదు. వెదకడానికి వేరే స్టీమర్లని పంపారు. చెక్కముక్క కూడా దొరకలేదు. ఒక్క శవం ఒడ్డుకి రాలేదు. అన్ని దీపాల ఓడ అలా ఆరిపోయింది.

ఇంతవరకూ చరిత్ర. ఇక్కణ్ణించి కథ మొదలవుతుంది.

ఆ ఓడలో పదమూడు పెళ్ళిబృందాలు వున్నాయనీ, కొత్త పెళ్ళికూతుళ్ళు పారాణి పాదాలతో మునిగిపోయారనీ జనం చెప్పుకున్నారు. మెట్రిక్యులేషన్ పరీక్ష రాయడానికి బొంబాయి వెళ్ళే కుర్రాళ్ళు వున్నారన్నారు. పోరుబందరులో లేలీ అనే దొర "పోవద్దు, ప్రమాదం" అని హెచ్చరించినా కెప్టెను వినలేదన్నారు. ఎవరో ఫకీరు ఇచ్చిన వరం ప్రకారం ఓడల లెక్క దీనితో పూర్తయిందన్నారు. పాటలు పుట్టాయి. ఊరూరా ఆడవాళ్ళు పాడుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ పాటల్ని ఝవేర్‌చంద్ మేఘాణీ వంటి పెద్దలు సేకరించి అచ్చు వేశారు. 1954లో గుణవంతరాయ్ ఆచార్య నవల రాశారు. అన్నింటిలోనూ మారుమోగే పేరు ఒక్కటే, హాజీ కాసమ్! ఓడ నడిపిన కెప్టెన్ కాసమ్ ఇబ్రహీం కూడా ఓడతోపాటే పోయాడు. చనిపోయినవాడు వచ్చి జవాబు చెప్పలేడు కదా... అందుకని పాట వేసే నింద అంతా ఆ పేరు మీదే పడింది.

తరవాతి కాలపు పరిశోధకులు పాత కాగితాలు తిరగేశారు. దొర హెచ్చరిక కథకి ఆధారం దొరకలేదు.

మరి దొరికిందేమిటి? బొంబాయి ప్రభుత్వం అప్పుడే ఒక విచారణ జరిపించింది. అందులో తేలిన విషయం ఇది: ఓడలో సరిపడా ప్రాణరక్షణ పడవలు లేవు. సరిపడా లైఫ్ జాకెట్లు లేవు.

అంతే. రెండే రెండు ముక్కలు. పాటలో ఇమడని ముక్కలు!

సినిమా రాసుకునేవాణ్ణి కాబట్టి సినిమా భాషలోనే చెబుతాను. కథలో విలన్ దొరక్కపోతే మనవాళ్ళు ఏం చేస్తారు? విధిని విలన్ని చేస్తారు. తుపానులో పిల్లలు తప్పిపోతారు, పడవ తిరగబడుతుంది, అన్నదమ్ములు విడిపోతారు. తుపాను ఎవరి తప్పూ కాదు కనక ప్రేక్షకుడు ఎవరినీ తిట్టుకోకుండా హాయిగా ఏడుస్తాడు. వీజళి కథ కూడా సరిగ్గా అలాగే తయారయింది. పెళ్ళికూతురు వుంది, ఫకీరు వున్నాడు, మొండి కెప్టెను వున్నాడు, చీకటి సముద్రం వుంది. ఏడొందల మందిని ఎక్కించుకుని, చాలినన్ని పడవలు పెట్టని ఓడ యజమాని మాత్రం ఆ కథలో ఎక్కడా కనపడడు. పాటని తప్పుపట్టడం లేదు. పాడుకున్నవాళ్ళకి అయినవాళ్ళు పోయారు, శవం కూడా దక్కలేదు, పాటే వాళ్ళకి సమాధి. కానీ మంచి కథ ఒక్కోసారి దోషిని చల్లగా తప్పించేస్తుందన్న సంగతి మనం మరిచిపోకూడదు.

"అదంతా అరేబియా సముద్రం, మనకెందుకు?" అంటారేమో. మన బంగాళాఖాతం ఏమన్నా తక్కువ తిన్నదా?

వీజళి కంటే ఏడాదిన్నర ముందు, 1887 మే 25న, కలకత్తా నుంచి పూరీ యాత్రికులతో ఒరిస్సా తీరానికి బయల్దేరిన 'సర్ జాన్ లారెన్స్' అనే స్టీమరు తుపానులో మునిగిపోయింది. ఏడొందల మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. జగన్నాథుణ్ణి చూడ్డానికి బయల్దేరినవాళ్ళు. రవీంద్రనాథ్ టాగూరు ఆ ఘోరం మీద ఒక కవిత రాశారు. కలకత్తాలో హుగ్లీ ఒడ్డున ఒక స్నానఘట్టం దగ్గర వాళ్ళ జ్ఞాపకంగా ఒక రాయి వుంది. అది పెట్టించింది ఎవరనుకున్నారు? కొందరు ఇంగ్లీషు స్త్రీలు. ఆ రాయి మీద ఓడ పేరుంది, తేదీ వుంది. పోయినవాళ్ళ పేర్లు లేవు.

నేను డిగ్రీ చదివింది బందరులో. సాయంత్రాలు మంగినపూడి బీచికి పోయి కూర్చునేవాళ్ళం. ఒకప్పుడు ప్రపంచమంతా తెలిసిన రేవు అది. అయితే అక్కడ తీరం లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేక మైళ్ళ దూరంలోనే లంగరు వేసుకునేవి. మనుషులూ సరుకులూ చిన్న పడవల మీద వెళ్ళి ఎక్కాల్సిందే. మన తెలుగు తీరం నుంచి వేలకి వేలమంది పొట్ట చేతబట్టుకుని స్టీమరెక్కి రంగూను పోయారు, ఎక్కువమంది డెక్కు టిక్కెట్టు మీదే. మన సినిమాకి పితామహుడు రఘుపతి వెంకయ్యగారు పుట్టింది బందరులోనే కదా! ఆయన కూడా బొమ్మలాడించే యంత్రం వెంటేసుకుని సముద్రం దాటి సింహళం వెళ్ళారు, బర్మా వెళ్ళారు. ఆ ప్రయాణాల్లో ఏ తుపానో తగిలి వుంటే... మన కథ ఎలా వుండేదో!

ఆ బందరునే 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ముంచేసింది. దాదాపు 30,000 మంది పోయారు. నూట పదమూడేళ్ళ తరవాత 1977లో దివిసీమ వంతు. అలలు పదిహేను అడుగులకి పైన లేచాయి. సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. అప్పుడు మన చిత్రసీమ కదిలిన తీరు పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నిమ్మకూరు రామారావుగారూ, రామాపురం నాగేశ్వరరావుగారూ... ఇద్దరూ గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే... జోలె పట్టి వీధుల్లోకి వచ్చి విరాళాలు పోగుచేశారు. దేవుడి వేషాల్లో చూసిన మనిషి ఇంటి ముందుకొచ్చి చెయ్యి చాపితే ఇవ్వనివాడెవడు?

అదంతా గొప్ప సంగతే. కానీ అందరి నోటా అప్పుడు వినపడ్డ మాట మాత్రం మా అమ్మమ్మ మాటే. "రాత!"

సరే, అది రాతే అయితే ఈ లెక్క ఎలా కుదురుతుందో మీరే చెప్పండి. 1990 మే 9న సరిగ్గా మన కృష్ణా ముఖం దగ్గరే మళ్ళీ తుపాను తీరం దాటింది. 1977 నాటి దానికి ఏమాత్రం తీసిపోని తుపాను. అదే సముద్రం, అదే నేల. అప్పుడు పోయినవాళ్ళు వెయ్యి లోపే. వెయ్యి ప్రాణాలు తక్కువని కాదు నేననేది. పదివేలు ఎక్కడ, వెయ్యి ఎక్కడ? తుపానుకి దయ పుట్టిందా? లేదు. ఈ పదమూడేళ్ళలో తుపాను ఆశ్రయ భవనాలు కట్టారు. బందరులో రాడారు పెట్టారు. హెచ్చరిక ముందే అందింది. లక్షమందికి పైగా జనాన్ని ఇళ్ళలోంచి లేపి లారీలెక్కించి మెరక ప్రాంతాలకి తరలించారు.

వీజళికి లేని పడవలు దివిసీమకి అప్పటికి వచ్చాయన్నమాట!

టైటానిక్ సంగతీ ఇంతే. అందులో వున్నది దాదాపు 2,200 మంది. పడవల్లో చోటు 1,178 మందికి మాత్రమే. 1912లో సుమారు 1,500 మంది పోయారు. అందులో కోటీశ్వరులున్నారు, పేరున్నవాళ్ళున్నారు. లోకం గగ్గోలెత్తింది. 1914లో సముద్రం మీద వ్యాపారం చేసే దేశాలు లండనులో కూర్చుని, ఓడలో ఎంతమంది వుంటే అంతమందికీ పడవల్లో చోటుండాలని ఒప్పందం రాసుకున్నాయి. వీజళి మునిగిన ఇరవైఆరేళ్ళకి! బొంబాయిలో అప్పుడే 'పడవలు చాలలేదు' అని తేల్చారు కదా, ఆ కాగితం లండనులో ఎవరైనా శ్రద్ధగా చదివి వుంటే టైటానిక్ మీద ఇంకో ఇరవై పడవలు వుండేవేమో. డెక్కు మీద వెళ్ళేవాళ్ళ చావు పాఠం చెప్పినా పెద్ద క్లాసుకి వినపడదు కాబోలు.

పోయిన నెల అమ్మమ్మని చూడ్డానికి వెళ్ళినప్పుడు వీజళి కథ చెప్పాను. ఇప్పుడావిడకి ఎనభై దాటాయి. దీపాల ఓడ అనగానే కళ్ళు పెద్దవి చేసుకుని వింది. పెళ్ళికూతుళ్ళ దగ్గర "అయ్యో తల్లీ" అంది. చివరికొచ్చేసరికి నేను ఊహించినట్టే, "ఏం చేస్తాం, రాత" అంది.

ఈసారి నేను వదల్లేదు.

"మరి తొంభైలో తుపాను వచ్చినప్పుడు నువ్వు పుట్టింటికి వెళ్ళి అక్కడే వున్నావు కదా అమ్మమ్మా. ఎలా బతికావు?"

"పోలీసులు లారీ తెచ్చారుగా. ఎక్కమని ఒకటే కేకలు. గేదెని వదిలి రానని మా అమ్మ మొండికేస్తే రెక్క పట్టుకుని ఎక్కించారు."

"డెబ్భై ఏడులో లారీ రాలేదా?"

అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడొక్కటే వినపడింది.

"రాలేదు" అంది చివరికి. తరవాత మెల్లగా, "వచ్చుంటే వాడికిప్పుడు మనవళ్ళు వుండేవాళ్ళు" అంది.

ఆ రోజు మళ్ళీ 'రాత' అన్న మాట ఆవిడ నోట రాలేదు. నేను అనవసరంగా పాత గాయం కెలికానేమోనని బాధపడ్డాను కూడా. రాతనుకుంటే ఎవరినీ తిట్టుకోనక్కర్లేదు, నిద్రయినా పడుతుంది. ఆ కాస్త నిద్రా చెడగొట్టే హక్కు నాకుందా? ఇంటికొచ్చే బస్సులో ఇదే ఆలోచన. జవాబు దొరకలేదు. పులిగడ్డ దాటి బస్సు వస్తుంటే కిటికీలోంచి చేలు చూశాను. కోతకొచ్చిన వరి, గట్ల మీద పిల్లలు. ఆ పిల్లల కోసమైనా లారీ సంగతి ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి కదా అనిపించింది. అందుకే ఈ వారం ఇది రాశాను.

ఈ కాలమ్ చదివే కుర్రాళ్ళలో రేపు డైరెక్టర్లయ్యేవాళ్ళు వుంటారని నాకు గట్టి నమ్మకం. వీజళి మీద మీరెవరైనా సినిమా తీస్తే సంతోషమే. పెళ్ళికూతుర్ని పెట్టండి, పాట పెట్టండి, అన్ని దీపాలూ ఒక్కసారిగా ఆరిపోయే సీను పెట్టండి. హాలు దద్దరిల్లుతుంది. నా మనవి ఒక్కటే. క్లయిమాక్సు అయ్యాక జనం చెప్పులు వెదుక్కునేలోపు ఇంకో చిన్న సీను వుంచండి. ఒక గది, ఒక బల్ల, ఒక గుమాస్తా. లెక్క చదువుతుంటాడు... ఎక్కినవాళ్ళు ఇంతమంది, పడవలు ఇన్ని.

రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలకి ఎవరూ ఈల వెయ్యరు. ఫరవాలేదు.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.